గరిక నాటిన పెళ్లిచూపులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పార్కు అనేదాన్ని చూసినవాళ్లు ఎవరూ లేరు. చెట్లు కావాలంటే పొలం ఉంది, కూర్చోవాలంటే అరుగు ఉంది. ఈ రెంటి కోసం కంచె కట్టి, గేటు పెట్టి ఒక చోటును ఉంచుతారని మాకు తెలియదు. అలాంటి మేము మదనపల్లెలో తెల్లదొరల కాలం నాటి పార్కుకు వెళ్లింది చల్లగాలి కోసం కాదు, మా అత్త పెళ్లిచూపుల కోసం.

మాది సదుం దగ్గర ఒక చిన్న పల్లె. అత్త అంటే మా నాయనకు చెల్లెలు. పదో తరగతి చదివింది, మనిషి చక్కగా ఉంటుంది. అయినా వచ్చిన సంబంధాలన్నీ మా వాకిలి దాకా వచ్చి వెనక్కి పోయేవి. వాకిట్లో ఆవులు, పంచలో వేరుశనక్కాయల మూటలు, తల వంచితే తప్ప లోపలికి రానివ్వని గుమ్మం చూసి, ఉద్యోగస్థుల ఇంటివాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయి జాతకాలు కుదరలేదని కబురు పెట్టేవాళ్లు. ఈసారి వచ్చింది కుప్పంలో గవర్నమెంటు ఉద్యోగం చేసే అబ్బాయి. అతని ఫోటోను అత్త చీరల అడుగున దాచుకుని, ఎవరూ లేనప్పుడు నాకు మాత్రం చూపించేది. ఇది కూడా తప్పిపోతే కలకడ వైపు నుంచి ఒక రెండో పెళ్లి సంబంధం కాచుకుని ఉంది. ఆయన కూతురికే పెళ్లీడు వచ్చిందని చెప్పుకునేవాళ్లు. ఆ మాట ఎవరైనా ఎత్తితే చాలు, అత్త అన్నం ముందు నుంచి లేచిపోయేది.

అందుకే మా నాయన ఒక ఉపాయం పన్నాడు. ఇల్లు చూస్తే కదా వాళ్లు వద్దనేది, చూపులేవో మదనపల్లె పార్కులో పెట్టుకుంటే సరిపోతుంది, టౌనులో అందరూ అలాగే చేస్తున్నారు అన్నాడు. ఈ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో గానీ, ఆ రోజు నుంచి మాకు ట్రైనింగు మొదలైంది. బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకోకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, వక్కాకు నమలకూడదు. ఇవన్నీ వాళ్లమ్మను, అంటే మా అవ్వను చూస్తూనే చెప్పాడు. "నువ్వేమీ సెయ్యొద్దు మా. ఊరికే కూచో. అంతే సాలు" అని బస్సులో కూడా చెప్పుకుంటూ వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఊరికే కూర్చోని మనిషికి సరిగ్గా ఆ పనే అప్పగించాడు మా నాయన.

పుంగనూరులో బస్సు మారి మదనపల్లె చేరాం. పార్కు గేటుకు ఇనుప పూలు, లోపల పెద్ద పెద్ద నిద్రగన్నేరు చెట్లు, వాటి కింద రాతి బెంచీలు. నడుమ గొడుగులాంటి ఇనుప మండపం ఒకటి. ఒకప్పుడు సాయంత్రాలు దొరల కోసం అందులో బ్యాండు వాయించేవాళ్లని నాయన, తానే విన్నంత ధీమాగా చెప్పాడు. నీళ్లు లేని ఫౌంటెను మధ్యలో కడవ పట్టుకున్న రాతి ఆడమనిషి నిలబడి ఉంది. అవ్వ ఆ బొమ్మ చుట్టూ తిరిగి "ఈ యమ్మకు పైట యాల లేదు?" అని గట్టిగానే అడిగింది. నాయన గబగబా అవ్వనూ అత్తనూ నన్నూ దూరంగా ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, మగపెళ్లివాళ్లను తీసుకురావడానికి బస్టాండుకు వెళ్లాడు.

వాళ్లు చెప్పిన టైముకే వచ్చారట. కానీ రాహుకాలం పోయేదాకా బస్టాండు నుంచి కదిలేది లేదని అబ్బాయి తల్లి భీష్మించుకుని కూర్చుందట. ఇక్కడ ఆ సంగతి మాకు తెలిసే దారి లేదు. అత్త పట్టుచీర నలగకుండా బిగుసుకుని కూర్చుంది. అవ్వ కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుంది, కాసేపు ఆ చేతులనే చూసుకుంది. ఆ తర్వాత ఎదురుగా ఉన్న మడిని చూడటం మొదలుపెట్టింది.

మడిలో అక్కడక్కడ గులాబీ చెట్లు బక్కచిక్కి ఉన్నాయి. వాటి చుట్టూ నేల కనపడకుండా గరిక పచ్చగా అల్లుకుని ఉంది. తోటమాలి పైపు పట్టుకుని దానికే తడి పెట్టి, టీ తాగడానికి గేటు బయటికి వెళ్లాడు. మెట్ట సేద్యం చేసేవాళ్లకు గరిక అంటే ఏడేడు జన్మల పగ. చేనులో ఎంత పీకినా మళ్లీ లేస్తుంది, పైరుకు అందాల్సిన తడి అంతా తాగేస్తుంది. అలాంటి గరికకు ఒక మనిషి పైపు పెట్టి నీళ్లు పట్టడం చూశాక అవ్వకు మనసు ఆగలేదు.

"పాపం, ముసిలోడు. ఒక్కడే కలుపు తీసుకోలేక ఇడిసిపెట్టేసినట్టుండాడు. నేల తడిమీద ఉండాది, ఇప్పుడు పీకితే ఏర్లతో వస్తాది" అంటూ కొంగు నడుముకు చుట్టింది.

మా పక్క ఒకరి చేనులో పని వెనకబడితే పక్కవాళ్లు పిలవకుండానే వచ్చి ఒక సాలు పట్టుకుంటారు. అవ్వకు అది మర్యాద. అన్న తిడతాడని అత్త మొదట గింజుకుంది. కానీ తల్లి వంగి కలుపు తీస్తుంటే కూతురు బెంచీ మీద కూర్చోవడం మా ఇంట్లో ఎరగని విషయం. కాసేపటికి పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఆమె కూడా ఇంకో సాలు పట్టింది. పీకిన గరికను కుప్ప వేయడం నా పని. చెప్పకూడదు గానీ, ముగ్గురం హాయిగా ఉన్నాం. అత్త కూనిరాగం కూడా తీసింది. రాహుకాలం పోయేసరికి మడి అద్దంలా తయారైంది.

తోటమాలి తిరిగి వచ్చి, ఆ నేలను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. మెచ్చుకుంటున్నాడని అనుకుని అవ్వ నవ్వింది. అప్పుడు మొదలయ్యాయి కేకలు.

"అయ్యో అయ్యో, లాను పీకేసినారే! ఎవురు మీరు?"

"కలుపప్పా" అంది అవ్వ ఓపికగా.

"కలుపు కాదు, లాను! పెంచతాండాము దాన్ని!"

అవ్వకు ఒక్కసారిగా సంగతి అర్థమైనట్టు ముఖం వెలిగింది. "ఓహో, ఆవులుండాయా మీకు?"

"ఆవులు లేవు, యేమీ లేవు. సూసేదానికి!"

"గడ్డిని సూసేదానికా?" అంది అవ్వ. ఎగతాళి కాదది, నిజంగానే అడిగింది. ముసలాయనకు ఇంకా కోపం వచ్చింది. పైఆఫీసరు వస్తే తన ఉద్యోగం ఊడుతుందని, మమ్మల్ని కదలనివ్వనని గేటుకు అడ్డంగా నిలబడటానికి తిరిగాడు. గేటులోంచి మా నాయన మగపెళ్లివాళ్లను వెంటబెట్టుకుని లోపలికి వస్తున్నాడు.

ఆ క్షణాన మా నాయన ముఖం చూడాలి. మా అత్తకు మోచేతుల దాకా బురద, చీర మోకాళ్ల దగ్గర తడిసి ముద్ద, తల్లో మల్లెపూలు ఒక చెవి మీదికి జారి ఉన్నాయి. ఫోటోలో అబ్బాయి ఇస్త్రీ ప్యాంటు వేసుకుని కళ్లప్పగించి చూస్తున్నాడు. అతని తల్లి ముక్కు మీద వేలేసుకుంది. తోటమాలి ఎదురెళ్లి జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా వాళ్లకే ఫిర్యాదు చేశాడు. అత్త తల పైకెత్తలేదు, కానీ ఆమె కళ్లలోంచి నీళ్లు టపటపా బురద చేతుల మీద పడటం పక్కనే ఉన్న నాకు కనిపించింది. అవ్వ తన తలను తానే కొట్టుకుంది. అత్త బతుకు ఆ మట్టిలోనే పోయిందని అంత చిన్నపిల్లనైన నాకే అనిపించింది.

అబ్బాయి తండ్రి పొడుగ్గా, నల్లగా, తెల్లని పంచెతో ఉండే పెద్దాయన. ఆయన నేరుగా మడి దగ్గరికి వచ్చాడు. చెప్పులు విడిచి, పంచె పైకి కట్టి, అవ్వ పక్కన గొంతుక్కూర్చున్నాడు. కుప్పలోంచి గరిక చేతిలోకి తీసుకుని వేర్లు చూశాడు. "ఏర్లు తెగకుండా బలే పీకినారే. గరిక సావదు లేప్పా, తిరిగి నాటితే నాలుగు దినాల్లో పట్టుకుంటాది" అని తోటమాలితో అని, వేలితో నేలలో గుంట చేసి మొదటి పిలక తానే నాటాడు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "నువ్వేంది, ఆడ నిలబడి సినిమా సూస్తాండావా? ఆ కుప్ప ఈడికి తే" అన్నాడు.

ఆ అబ్బాయి ఇస్త్రీ ప్యాంటుతోనే కూర్చున్నాడు. కూర్చుంటే ఖాళీగా ఉన్న చోటు మా అత్త పక్కనే. అతనికి నాటడం రాదు. పిలకను తలకిందులుగా పెట్టాడు. అత్త ముఖం చూడకుండానే అతని చేతిలోంచి దాన్ని తీసుకుని, తిప్పి, మళ్లీ అతని చేతికే ఇచ్చింది. వాళ్లిద్దరికీ జరిగిన పెళ్లిచూపులు అంతే. పాట పాడమని ఎవరూ అడగలేదు. మా నాయన కూడా చొక్కా చేతులు మడిచాడు. అబ్బాయి తల్లి మాత్రం చాలాసేపు నిలబడే ఉండి, చివరికి ఉండబట్టలేక "అంత పైపైన నాటితే ఎట్ల?" అని వంగింది. తోటమాలి కోపం ఎప్పుడు మరిచిపోయాడో, పైపు తెచ్చి వెనకాలే తడి పెడుతూ వచ్చాడు.

కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నప్పుడు అవ్వ ఏడుపు ఆపుకోలేక, తన బుద్ధిలేనితనం వల్ల కూతురిని కాదనవద్దని పెద్దాయనను బతిమాలింది. "ఇదేముందిలేమ్మా. మా యమ్మ మొదటిసారి కుప్పంలో రైలెక్కినప్పుడు సెప్పులు ప్లాట్‌ఫారం మీదే ఇడిసి ఎక్కేసింది. బెంగుళూరులో దిగి, సెప్పులు ఎవురో ఎత్తుకుపోయినారని ఒకటే రచ్చ" అన్నాడు ఆయన. ఏడుస్తున్న అవ్వ పకపకా నవ్వింది. తడిచేతులతోనే అందరూ నవ్వారు. ఆ నవ్వులో సంబంధం ఖాయమైంది.

పెళ్లయి కాపురానికి వెళ్లిన కొన్నాళ్లకు అత్తకు ఒక సంగతి తెలిసింది. ఆ పెద్దాయన తల్లి జన్మలో చెప్పులు తొడగలేదట. రైలూ ఎక్కలేదట. ఆ కథంతా ఆయన కొళాయి దగ్గర, చేతులు కడుక్కునే లోపల అల్లింది. మా అవ్వ ఒక్కతే నవ్వులపాలు కాకూడదని, పోయిన తన తల్లిని తెచ్చి పక్కన కూర్చోబెట్టాడు. అత్త ఈ మాట చెప్పినప్పుడు నవ్వాను గానీ, ఆ రాత్రి పడుకున్నాక నాకు ఏడుపు వచ్చింది.

ఇప్పుడు నాకూ ఆ పెద్దాయన అప్పటి వయసు దాటింది. తప్పు చేసి నలుగురిలో తలవంచుకున్న మనిషిని చూస్తే ఎవరిది తప్పు, ఎందుకు చేశావు అని అడగబుద్ధి కాదు నాకు. మొన్న మా బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి వెళితే, పెళ్లయి నెల కూడా కాని కోడలు చేయి జారి పాయసం గిన్నె నట్టింట్లో బోర్లా వేసింది. అందరూ గోడకు ఆనుకుని చూస్తున్నారు. ఆ పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. నేను పక్కన ఉన్న గుడ్డ తీసుకుని ఆ పాయసంలోనే చతికిలబడ్డాను. కూర్చోవడం అయితే కూర్చున్నాను గానీ, నా మోకాళ్లు లేవనివ్వలేదు. ఆ పిల్ల నన్ను లేపబోయి తానూ జారి నా పక్కన పడింది. ఇద్దరం ఒంటినిండా పాయసంతో పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, అప్పుడే లోపలికి వచ్చినవాళ్లకు గిన్నె బోర్లా వేసింది ఎవరో అర్థం కాలేదు.