మొగులయ్య బండి బరువు

1997లో నన్ను సంగారెడ్డి రవాణా కార్యాలయానికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్లనే పిలిచేవారు. పటాన్‌చెరు, కాజీపల్లి ఫ్యాక్టరీల లారీలు, ట్యాంకర్లు పొద్దున్నుంచే వరుస కట్టేవి. మధ్యాహ్నానికల్లా కళ్ళు మండేవి, ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు.

ఒకరోజు ఆ వరుసలో మొగులయ్య వ్యాన్ వచ్చింది. ఆయన బీరంగూడ పక్కనున్న ప్రభుత్వ కర్మాగారంలో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. భార్య శివమ్మకు నడుము పడిపోయింది. కూర్చోలేదు, ఎక్కడికి వెళ్ళినా పడుకునే వెళ్ళాలి. అందుకని ఒక కంపెనీ అమ్మేసిన పాత స్టాఫ్ వ్యాన్ కొని, సీట్లు పీకేసి, లోపల మంచం, పొయ్యి గట్టు, అల్మారా, నీళ్ళ ట్యాంకు అమర్చాడు. సొంత వాడకానికి ఇల్లులాంటి బండి అన్నమాట. అలాంటిది మా దగ్గర అంతకు ముందు ఒక్కటీ నమోదు కాలేదు.

బండి రూపం మార్చాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, మార్చాక చూపించి ఆర్సీలో రాయించుకోవాలి. మొగులయ్య అనుమతి తీసుకున్నాడు, నక్షా ప్రకారమే కట్టాడు. కొలతలన్నీ సరిపోయాయి. తలుపు తీసి చూశాక మాత్రం నాకు నీరసం వచ్చింది. జీవితమంతా బాయిలర్లు అతికిన చెయ్యి కదా, పల్చటి రేకు ఆయన కంటికి ఆనలేదు. మంచానికి ఇనుప ఛానల్, అల్మారాకు మందపాటి ప్లేటు వాడాడు. అతుకులు ముచ్చటగా ఉన్నాయి. లారీలు తూచే ధర్మకాంటాకు పంపి తూయిస్తే, మనుషులు ఎక్కకముందే ఆ బండి మోయదగ్గ బరువంతా అయిపోయింది. బ్రేకు తొక్కి చూస్తే ఆగాల్సిన చోట ఆగక గేటు దాకా పోయింది.

కుదరదన్నాను.

"గట్టిగుండాలె గద సారూ. మా ఫ్యాక్టరీ షాపుల పల్చగ జేస్తే వాపస్ పంపుతుండ్రి" అన్నాడు. మళ్ళీ అడిగాడు: "మా శివమ్మ చెల్లె బిడ్డ పెండ్లి ఉంది, ఆదిలాబాద్‌ల. ఎత్తుకొని పెంచింది ఆ పిల్లను. జెర గీ పెండ్లికి పోయొస్తం, వచ్చినంక మొత్తం కోసేస్త."

నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు ఉంది. ఆ బరువుతో, ఆ బ్రేకులతో దాని మీద బండి నడపమని నేను సంతకం పెట్టలేను. అదే చెప్పాను. ఆయన బండి తిప్పుకొని వెళ్ళిపోయాడు.

వానాకాలం పోయాక మళ్ళీ వచ్చాడు. ఇనుమంతా కోసేసి ప్లైవుడ్డు, అల్యూమినియం పెట్టాడు. బరువు సరిపోయింది, బ్రేకు పట్టింది. ఈసారి శివమ్మ కూడా మంచం మీద ఉంది. ఇక ఆదిలాబాద్ దాకా నిశ్చింతగా వెళ్ళిరావచ్చు అన్నాను.

"పెండ్లి అయిపాయె సారూ" అంది ఆమె, కోపం లేకుండా. "పిల్ల అత్తగారింటికి పోయింది. ఇగ నేను పోయి ఎవరిని సూడాలె?"

నేను కాగితాల మీద సంతకం చేశాను.

అంత బరువుతో అదే బండి మళ్ళీ వస్తే మళ్ళీ ఆపుతాను. అయితే ఆ తరువాత మార్పుకు అనుమతి అడిగిన వాళ్ళందరికీ, బిగించకముందే సామాను తూయించుకోమని చెప్పడం అలవాటు చేసుకున్నాను. బండిని ఆపడం వల్ల ఏ ప్రమాదం తప్పిందో ఇన్‌స్పెక్టరుకు ఎన్నడూ తెలియదు. ఎవరి ప్రయాణం ఆగిపోయిందో మాత్రం తెలుస్తుంది.