కోచ్ సారు నాతో రాయించిన ఉత్తరం

మా కోచ్ సారు పోయారని మొన్న పొద్దున అల్వాల్ నుంచి ఫోన్ వచ్చింది. నేను మేడ్చల్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉన్నాను. ఫోన్ చేసిన పాత జట్టువాడు, “అందరికి చెప్పినం, నీకే జర లేటయింది” అన్నాడు. దుఃఖం కంటే ముందు ఆ మాటే గుచ్చుకుంది. సారు విషయంలో నేను మొదటి నుంచీ అంతే.

ఆయన మిలిటరీ నుంచి రిటైరై వచ్చి, తొంభైల్లో కుత్బుల్లాపూర్‌లోని ఒక ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టుకు ఆట నేర్పేవారు. అందులో నేను ఫార్వర్డ్‌ని, గోల్ కొట్టాల్సినవాణ్ని. జట్టులో ఉన్నంతకాలం మిషన్ మీద సగం డ్యూటీ చేస్తే చాలు. ఆట మధ్యలో సారు స్టీలు డబ్బా తెరిచి, ఉప్పద్దిన నిమ్మచెక్కలు ఒక్కొక్కరి నోట్లో పెట్టేవారు. మొదటి చెక్క ఎప్పుడూ నాదే. చిన్నప్పుడే నాయిన పోయిన నాకు అది చిన్న విషయం కాదు.

అప్పుడు నగరంలో డిగ్రీ చదువుతున్న కెన్యా కుర్రాడొకడు ఒక సరదా మ్యాచ్‌లో మా మీద మూడు గోల్స్ కొట్టాడు. ఫ్యాక్టరీవాళ్లు అతణ్ని జీతానికి పెట్టుకుందామన్నారు. చదువు వీసా మీద జీతానికి ఆడకూడదు. తన దేశం వెళ్లి పని వీసా తెచ్చుకోవాలి. అందుకు ఈ పని చేయగల మనిషి ఇక్కడ దొరకలేదని ఫ్యాక్టరీ రాసివ్వాలి.

జట్టులో ఇంగ్లీషు తిన్నగా రాసేది నేనొక్కణ్నే. సారు తన ఇంటి వరండాలో నా ముందు తెల్లకాగితం పెట్టారు.

“సార్, గా జాగల ఆడేటోన్ని నేనే గద. నేను పనికిరానని నాతోనే రాపిస్తున్నరా?”

“అవ్ బిడ్డా. ఇంకొకల నోట తెలిస్తే ఎక్కువ గుచ్చుతది. నా ముంగట రాయి. కోపమొస్తే నన్నే తిట్టు.”

తిట్టలేదు. చెప్పినట్టే రాశాను. పాస్‌పోర్టు నంబరులో మాత్రం మూడుకు బదులు ఎనిమిది వేశాను. కావాలనే వేశాను.

అతను కాగితాలతో తన దేశం వెళ్లాడు. నెల దాటాక, నంబరు కలవలేదని అవి కెన్యా నుంచి తిరిగొచ్చాయి. ఈలోగా పోటీలు మొదలయ్యాయి. అతను లేడు కాబట్టి నేనే ఆడాను. ఐదు మ్యాచ్‌లలో నాలుగు గోల్స్. అంత బాగా అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆడలేదు. శామీర్‌పేటలో ఐదో మ్యాచ్ అయ్యాక నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని వస్తూ, సారు దారిలో బండి ఆపారు.

“గీ ఆట ముందుగాలనే ఆడితే గా ఉత్తరంతోని పనే ఉండకపోవు.”

జేబులోంచి ఆ ఉత్తరం తీసి నా చేతిలో పెట్టారు. “మళ్ల రాయి. గీసారి నంబరు నేను సదువుత, నువ్వు ఎయ్యి.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. “ఆఫీసుల చెప్తరా సార్?”

“చెప్తే ఏమొస్తది? కడుపుమంట ఎవలికి లేదు? దాన్ని కాళ్లల్లకు దించు.”

రెండోసారి సరిగ్గా రాశాను. వీసా వచ్చింది, అతనూ వచ్చాడు. సారు ఇంట్లోనే దిగాడు. మేమంతా అమ్మ అని పిలిచే సారు భార్య చేతి జొన్నరొట్టెలు తిన్నాడు, మా భాష నేర్చాడు, సారును నాయినా అని పిలిచాడు. మొదటి నిమ్మచెక్క అతనిదయింది. సారు నన్ను వెనక్కి జరిపి, అతనికి బంతి అందించే స్థానంలో ఆడించారు. నేనిచ్చిన బంతితో గోల్ కొట్టి, అతను పరుగెత్తుకెళ్లి సారును వాటేసుకునేవాడు. మూడేళ్లు అది చూశాను. ఒక్కరోజు కూడా అలవాటు కాలేదు.

అతను వెళ్లిపోయాక కూడా అదే స్థానంలో నేను చాలా ఏళ్లు ఆడాను. ఈనాటికీ నాకు తిండి పెడుతున్న ఉద్యోగం ఆ ఆట ఇచ్చిందే. ఫార్వర్డ్‌గానే ఉండుంటే రెండేళ్లలో నన్ను తీసేసేవాళ్లు. సారుకు అది ముందే తెలుసు. నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

పోయిన ఏడాది క్షమించమని అడగడానికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే, “గా ఐదు మ్యాచులు మస్తు ఆడినవ్ రా” అన్నారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తనివ్వలేదు.

నేను అల్వాల్‌లో సారు ఇంటికి చేరేసరికి వాకిట్లో పాడె సిద్ధంగా ఉంది. మేం ఎత్తబోతుంటే కెన్యా నుంచి ఫోన్ వచ్చింది. అమ్మ, సారు మెడలోని దండను కాస్త పక్కకు తప్పించి, ఫోన్‌ను ఆయన చెవికి ఆనించింది. అతను ఏడుస్తూ కొంత తెలుగులో, కొంత తన భాషలో మాట్లాడుతున్నాడు. సారు కాళ్ల దగ్గర నేనున్నాను. ఆ సమయంలో కూడా నాకు కడుపు మండింది. కర్మ చేయిస్తున్న అయ్యగారు పొద్దుపోతోందన్నట్టు చూశారు. అయినా అమ్మ ఫోన్ తీయలేదు. అతని మాటలు అయ్యేదాకా మేమంతా అలాగే వంగి, పాడె మీద చేతులు వేసి నిలబడ్డాం.