ఏడో నంబర్ పెగ్గు

శ్రీరాంపూర్ నుంచి గోదావరిఖనిలోని ఒక భూగర్భ గనికి నాకు బదిలీ ఆర్డరు ఒక జూన్ మొదటి వారంలో వచ్చింది. హోదా అండర్ మేనేజరే, పని మాత్రం కొత్తది. గని పైకప్పు కదలికలను కొలిచే విభాగాన్ని నాకు అప్పగించారు. అప్పటిదాకా బొగ్గు తీయించినవాడిని, ఇకమీద బండ ఎంత దిగిందో లెక్క రాయాలి. తోటివాళ్లు దాన్ని సుఖమైన పోస్టు అన్నారు. నేను మాత్రం గొప్ప పోస్టు అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ఆ పనేమిటో కాస్త చెప్పాలి. భూగర్భ గనిలో మొదట బొగ్గును స్తంభాలుగా వదులుతూ సొరంగాలు తవ్వుతారు. తర్వాత ఆ స్తంభాలనూ ఒక్కొక్కటిగా తీసేస్తారు. దాన్ని డిపిల్లరింగ్ అంటారు. స్తంభం పోయిన చోట మిగిలే ఖాళీ పేరు గోఫు. అక్కడ పైనున్న ఇసుకరాతి బండ ఎప్పుడో ఒకప్పుడు కూలాల్సిందే. ఎప్పుడన్నదే ప్రశ్న. అందుకని పైకప్పులో ఒక ఇనుప మేకు, సరిగ్గా దాని కింద నేలలో పెగ్గు అనే ఇంకో మేకు దించి, రెండింటి మధ్య దూరాన్ని సాగే కడ్డీతో కొలుస్తాం. దూరం తగ్గుతోందంటే కప్పు దిగుతోందని అర్థం. ఉన్నట్టుండి బాగా తగ్గిందంటే మనుషుల్ని బయటికి పిలవాలి.

నా పరిధిలో ఇలాంటి స్థానాలు పన్నెండు. రీడింగులు గనిలో పెన్సిలుతో చిన్న పుస్తకంలో రాసుకుని, పైకొచ్చాక సిరాతో రిజిస్టరులో ఎక్కించేవాడిని. రిజిస్టరు నా బీరువాలో, తాళంచెవి నా జేబులో. నా చేతిరాత గురించి నాకు కాస్త గర్వం కూడా ఉండేది, దాచను.

ఒకరోజు ఏడో స్థానంలో దూరం ఎనిమిది మిల్లీమీటర్లు పెరిగింది. బండ కిందికి దిగుతుంది గానీ పైకి పోదు కదా! కడ్డీ సరిగ్గా పెట్టలేదేమో అనుకున్నాను. ఆ అంకెను పెన్సిలు పుస్తకంలోనే వదిలేసి, రిజిస్టరులో ముందురోజు అంకెనే మళ్లీ వేశాను. మర్నాడు పొద్దున రీడింగు పాత అంకెకే వచ్చింది. చూశావా, నేననుకున్నదే నిజం అని నన్ను నేనే మెచ్చుకున్నాను. అదే రోజు రెండో షిఫ్టులో ఏడో స్థానం వెనుక గోఫు ఒక్కసారిగా కూలింది. కూలిన బండ తోసిన గాలి తాకిడికి, కప్పుకు ఆసరాగా నిలబెట్టిన దుంగలు ఎగిరిపడ్డాయి. అంతకు కాసేపటి ముందే మనుషులంతా బయటికి వచ్చేశారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకు వచ్చేశారని నేను అడగలేదు.

అడగకుండానే ఆ ఏడాది ఒక సదస్సులో పత్రం చదివాను. మా రకం ఇసుకరాతి కప్పు కొన్ని చోట్ల ఏ సూచనా ఇవ్వకుండా కూలుతుందని అందులో తేల్చాను. ఏడో స్థానం గ్రాఫు నా సాక్ష్యం. ఆ గీత స్కేలు పెట్టి గీసినంత నున్నగా ఉంది. చప్పట్లు బాగానే కొట్టారు.

తొమ్మిదేళ్లు గడిచాయి. రిటైర్మెంటుకు రెండేళ్లుండగా దక్షిణాఫ్రికా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినామె అక్కడి బొగ్గు గనిలో నా పనే చేసే ఇంజనీరు. వాళ్ల కప్పూ ఇసుకరాయే. సూచన ఇవ్వని బండను కొలిచి లాభమేమిటని, నా పత్రాన్ని చూపించి, వాళ్ల గనిలో కొన్ని స్థానాలను ఎత్తేయాలనుకుంటున్నారట. ఆ నిర్ణయానికి ముందు తాను అసలు రీడింగులు చూడాలనీ, గ్రాఫు చాలదనీ, గనిలో రాసుకున్న అంకెలే కావాలనీ అడిగింది. కొన్ని దేశాల గని ఇంజనీర్లు కలిసి నడిపే ఉమ్మడి వెబ్‌సైటులో వాటిని పెడితే ఎవరైనా చూసుకోవచ్చని కూడా రాసింది.

ఫైలు మా మేనేజరు, ఆపైన జనరల్ మేనేజరు దాటి కొత్తగూడెంలోని ప్రధాన కార్యాలయానికి వెళ్లింది. రాదనుకున్న అనుమతి వచ్చింది. ఏ రీడింగూ వదలకుండా అన్నీ బహిరంగంగా పెట్టవచ్చన్నారు. నేను ఉత్సాహంగా పెన్సిలు పుస్తకాల దుమ్ము దులిపాను. ఏడో స్థానం పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. పెన్సిలు అంకె ఒకటి, సిరా అంకె ఇంకొకటి.

పక్క గదిలోని మిత్రుడికి చూపిస్తే నవ్వేశాడు. "రిజిస్టర్ కాపీ పంపియ్యన్నా. రిటైరయ్యి దిగిపొయ్యే ముంగట గీ లొల్లి నెత్తికెందుకు పెట్టుకుంటవ్?"

ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పను. పేరు పోతుందని భయపడ్డాను. కానీ అక్కడ ఎవరో మనుషులు నా గీతను నమ్ముకుని గోఫు పక్కన నిలబడబోతున్నారు. రెండు రోజులు ఆ పుస్తకాన్నీ రిజిస్టరునూ పక్కపక్కన పెట్టుకుని చూశాను.

మూడో రోజు ల్యాంప్ రూమ్‌కి వెళ్లాను. గనిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలిచ్చే గది అది. గోఫు కూలిన రోజుల్లో ఏడో నంబరు దగ్గర కప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసిన మల్లయ్య, మోకాళ్లు అరిగిపోయి, అక్కడ గని పైపనిలో ఉన్నాడు. ఆ రోజు ఏడో నంబరు దగ్గర ఏం జరిగిందని ఇన్నేళ్లకు అడిగాను.

"పెగ్గు నేనే కొట్టిన సార్," అన్నాడు దీపం తుడుస్తూనే. "దుంగలు మోసుకొచ్చేటోళ్లు దానికి తట్టుకొని పడుతున్నరు. సుత్తెతోని రెండు దెబ్బలేసి కిందికి దించిన."

మరి మనుషుల్ని ఎందుకు బయటికి తెచ్చారని అడిగాను.

"తెల్లారి రెండో షిఫ్టుల కప్పును రాడ్‌తోని కొట్టి చూస్తె బోలు సప్పుడొచ్చింది. ముందురోజు గట్ల లేకుండె. షిఫ్టు చూసుకునే ఓవర్‌మన్ సార్‌కు చెప్పిన. జల్ది అందర్ని ఎల్లగొట్టిండు."

"ఇదంతా నాకెందుకు చెప్పలేదు మల్లన్నా?"

"మీరు అడగలే సార్. మీ రిజిస్టర్ల ఏం రాస్తరో మాకెట్ల ఎరుక? తాళమేసుకుంటిరి గద."

సిగ్గుపడ్డాను. గదికి వచ్చి లెక్క వేశాను. పెగ్గు ఎనిమిది మిల్లీమీటర్లు దిగితే దూరం అంత పెరిగి, అలాగే ఉండాలి. మర్నాటికి పాత అంకెకు వచ్చిందంటే, ఒక్కరోజులో కప్పు ఎనిమిది మిల్లీమీటర్లు దిగిందన్నమాట. బండ సూచన ఇచ్చింది. బోలు చప్పుడంటే పైపొర నుంచి కప్పు విడిపోతోందని అర్థం, అది మల్లయ్య చెవికి అందింది కూడా. ఆ సూచనను కాగితం మీద లేకుండా చేసింది నేను.

పెన్సిలు పుస్తకాలన్నీ ఉన్నవి ఉన్నట్టు పంపాను. పెగ్గు సంగతి, నేను అంకె మార్చిన సంగతి, నా పత్రంలో తేల్చింది తప్పన్న సంగతి ఒక పేజీలో రాసి జతచేశాను. పేరు రాయవచ్చా అని మల్లయ్యను అడిగితే, "రాయుర్రి సార్, కొట్టినోన్ని నేనే గద. బోలు సప్పుడు ముచ్చట గూడ రాయుర్రి," అన్నాడు.

వాళ్లు స్థానాలు ఎత్తేయలేదు. పైగా కప్పును కొట్టి చూసినప్పుడు ఎలాంటి చప్పుడు వచ్చిందో రీడింగు పక్కనే రాయాలని నియమం పెట్టుకున్నారు. కొన్ని నెలల తర్వాత ఆమె మళ్లీ రాసింది. ఎత్తేద్దామనుకున్న స్థానాల్లోనే ఒకదాంట్లో అంకె గబగబా పడిపోయిందట. మనుషుల్ని పైకి తెచ్చేశారట. తర్వాతి షిఫ్టులో కప్పు కూలిందట. వెబ్‌సైటులో పెట్టిన వాళ్ల నివేదికలో నా పేరు పక్కన మల్లయ్య పేరు ఉంది. దాన్ని ప్రింటు తీసుకెళ్లి ల్యాంప్ రూమ్‌లో అతనికి తెలుగులో చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు. "మన కప్పు ముచ్చట గంత దూరం పోయిందా!" అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో అంత గర్వపడిన రోజు ఇంకొకటి లేదు.

మేనేజరు అనుమతితో ల్యాంప్ రూమ్ గోడకు నల్లబోర్డు పెట్టించాను. పన్నెండు స్థానాల రీడింగులు రోజూ సుద్దముక్కతో తెలుగులో రాసేవాళ్లం. మల్లయ్య దీపం చేతికిస్తూ ఆ అంకెలు పైకి చదివేవాడు.

నెల తిరగకముందే, షిఫ్టు దిగి వచ్చిన ఒక కార్మికుడు ముఖం కూడా కడుక్కోకుండా నా టేబుల్ ముందు నిలబడ్డాడు. "సార్, మూడో నంబర్ పెగ్గు మీద నా దుంగ పడ్డది. కదిలింది. రేపటి అంకె నమ్మకుర్రి."

రిజిస్టరు బీరువాలో ఉన్న ఇన్నేళ్లలో అలాంటి మాట చెప్పడానికి ఒక్కరూ నా గదికి రాలేదు. కొలత ఎవరి ప్రాణం కోసమో వాళ్లకు అది కనిపించాలి. కనిపిస్తే అందులోని తప్పును వాళ్లే వచ్చి చెబుతారు. నేను నేర్చుకున్నది ఇంతే. నా సవరణ పేజీ ఇప్పటికీ ఆ వెబ్‌సైటులో ఉంది, ఎవరైనా చూడవచ్చు.