నీళ్లొస్తే నీకెందాక

లియాఖత్ అలీ టైలర్‌కు లోకంలో ఒకటే యావ. మనిషి ఎదురుపడితే బాగున్నావా అని అడగకముందే, వాగు పొంగితే నీళ్లు ఆ మనిషికి ఎందాక వస్తాయో చెప్పేసేవాడు. ఒక పెళ్లిలో అక్షింతలు వేసి, పెళ్లికొడుకును నిలువునా చూసి, "నీకు బొడ్డు దాక, పిల్లకు ఛాతీ దాక. వానకాలం మిద్దె ఉన్న ఇంట్ల ఉండుండ్రి" అని దీవించి వచ్చాడు.

అది నల్లగొండ జిల్లాలో, హుజూర్‌నగర్ నుంచి గంటసేపు బస్సులో పోతే వచ్చే గుండ్లపాడు. ఊరి కింది బజారు వాలుగా దిగి గుండ్లవాగు దగ్గర ఆగుతుంది. వాగు అనడమే గాని, ఏడాదిలో పది నెలలు అందులో మేకలు పడుకునేవి. ఆడవాళ్లు ఇసుకలో చెలిమె తోడి, గిన్నెతో ఎత్తి బిందె నింపుకునేవారు. ఆ వాగు పొంగుతుందని చెప్పే మనిషిని చూసి ఊరు నవ్వడంలో తప్పేమీ లేదు.

అందరికన్నా ఎక్కువ నవ్వింది భిక్షం. అతని ఛాయ్ హోటల్ టైలర్ దుకాణానికి సరిగ్గా ఎదురుగా ఉండేది. హోటల్ వెనకే ఇల్లు. నవ్వుతో పాటు భిక్షానికి కొంచెం కోపం కూడా ఉండేది. బస్సు దిగిన కొత్తవాళ్లు ఛాయ్ చేతిలోకి తీసుకోగానే టైలర్ వచ్చి "మీకు తొడల దాక" అనేవాడు. వాళ్లు సగం తాగి లేచి పోయేవారు.

"భాయ్, తాగేతందుకే నీళ్లు లేవు. మునిగేటన్ని యాడికెళ్లి వస్తయి?" అని భిక్షం అడిగాడు ఒకసారి.

"ఎగువ చెరువు కట్టకెళ్లి" అన్నాడు లియాఖత్ అలీ, సూదిలో దారం ఎక్కిస్తూ. "నలభై ఏండ్ల కింద ఒకసారి తెగింది. తెగిన కట్ట మళ్ల తెగదని నీకు రాసిచ్చిందా?"

ఆయన లెక్క ఉత్తదేం కాదు. నలభై ఏళ్ల కిందటి వరద చూసిన ముసలివాళ్లు మోకాలి దాక అనీ, నడుం దాక అనీ చెప్పేవారు. ఎవరి మోకాలు ఎంత ఎత్తో, ఎవరి నడుము ఎంత ఎత్తో టైలర్‌కు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. ప్యాంటు పొడవులూ, లంగా పొడవులూ అన్నీ ఆయన కొలతల పుస్తకంలో ఉన్నాయి. ఒక్కొక్కరినీ ఆనాడు నిలబడ్డ చోటే నిలబెట్టి, టేపు పట్టి, ఇంటింటికీ అంగుళాలు రాసుకున్నాడు. సోమమ్మ అవ్వ తనకు అప్పుడు నడుం దాకా వచ్చాయంటే, కొలిచి, ఆలోచించి, రెండంగుళాలు కలిపాడు. ఎందుకని అడిగితే, అప్పటికీ ఇప్పటికీ నువ్వు వంగినవ్ కద అవ్వా అన్నాడు. ఆరు నెలలు అవ్వ ఆయన దగ్గర రవిక కుట్టించుకోలేదు.

భిక్షం ఇంటికి వచ్చిన లెక్క, కిటికీ చెక్క మీద రెండు వేళ్ల ఎత్తు. టైలర్ ఆ ఎత్తున గోడ మీద సుద్దతో గీత గీశాడు. భిక్షం తుడిచాడు. మర్నాడు మళ్లీ గీత ఉంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఎండాకాలం లియాఖత్ అలీకి బీమా సంగతి తెలిసింది. బడి పంతులు ఐలేశం తీరిక వేళల్లో బీమా ఏజెంటు. కింది బజారులో ఆయన మాట మీద నలుగురైదుగురు ఇండ్లకు బీమా చేసుకున్నారు. టైలర్ ఆ కాగితాలు అడిగి తీసుకుని చదివితే, ఇల్లు కాలితే ఇస్తామని ఉంది గాని మునిగితే ఇస్తామని ఎక్కడా లేదు. ఐలేశాన్ని నిలదీస్తే, బీమా ఫారంలో వరదకు వేరే గడి ఉంటుందనీ, ఈ కరువు జిల్లాలో ఆ గడి నింపినవాణ్ణి తాను చూడలేదనీ ఒప్పుకున్నాడు. వాగు పొంగినంక పరుగెత్తుకొస్తే పనికిరాదనీ, ముందే చేయించుకుని ఏటేటా కొత్తది చేసుకోవాలనీ కూడా చెప్పాడు.

భిక్షం కాగితం కూడా నిప్పు కాగితమే. ఆ గడి నింపించుకోమని టైలర్ నెలరోజులు వెంటపడ్డాడు. భిక్షం వినలేదు. అప్పుడే చౌటుప్పల్‌లో బామ్మర్ది పెళ్లి వచ్చి, కొత్త ప్యాంటుకు బట్ట ఇచ్చాడు. పెళ్లికి ముందురోజు పోతే లియాఖత్ అలీ ప్యాంటు చేతిలో పెట్టాడు. కుట్టు చక్కగా ఉంది. గుండీలే లేవు.

"గుండీలేవి?"

"గడి నింపిరా. కుడ్త."

"రేపు పెండ్లి భాయ్."

"నాకు తెలుసు. ఐలేశం సారు ఇంట్లనే ఉన్నడు."

పెళ్లాం సత్తమ్మ తిట్టి పంపితే భిక్షం పోయి గడి నింపించాడు. తిరిగొచ్చేసరికి ప్యాంటుకు గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి ఉంది. కింది బజారులో ఇంకో పదకొండు మందికి ఆ గడి ఇలాగే నిండింది. గుండీలు లేక కొందరికి, చేతులు అతకని రవికలతో కొందరికి. ఆ తర్వాతి రెండేళ్లూ కొత్తది చేయించుకునేదాకా టైలర్ ఎవరినీ వదల్లేదు.

మూడో వానాకాలం, శ్రావణంలో, నాలుగు రోజుల ముసురు తర్వాత ఒక మధ్యాహ్నం ఎగువ చెరువు కట్ట తెగింది. కబురు ముందే అందడంతో జనమంతా మిట్ట మీది బడికి చేరారు. ఎవరికీ ఏమీ కాలేదు. నీళ్లు మూడు గంటలు నిలిచి తీశాయి. భిక్షం వచ్చి చూస్తే వెనక గోడ కూలి ఉంది. చక్కెర మూటలు కరిగి, బట్టల పెట్టె బురదై ఉంది. ఇవన్నీ ఒక ఎత్తు. ముందు గోడ మీద నీళ్లు విడిచిపోయిన మట్టిచార ఒక ఎత్తు. అది కిటికీ చెక్క మీద సరిగ్గా రెండు వేళ్ల ఎత్తున ఉంది.

ఊరంతా వచ్చి ఆ చారను చూసి పోయింది. కొందరు వేళ్లు పెట్టి మరీ చూశారు. భిక్షం రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు సున్నం కలిపి ముందు గోడంతా కొట్టేశాడు.

ఎనిమిదో రోజు బీమా ఆఫీసు నుంచి సర్వేయరు వచ్చాడు. పక్క ఇండ్లలో మట్టిచారలు చూసుకుంటూ భిక్షం ఇంటికొచ్చి తెల్లటి గోడ ముందు ఆగిపోయాడు. నీళ్లు ఎంత వచ్చాయనడానికి గుర్తు లేదన్నాడు. వెనక గోడ వరదకు కూలిందో, కప్పు కారి నాని కూలిందో ఎట్లా తెలుస్తుందన్నాడు. నేను వచ్చేలోపు సున్నం కొట్టాల్సిన అవసరం ఏముందని అడిగాడు. టైలర్ చెప్పింది నిజమైందని ఉడుక్కుని కొట్టానని, భిక్షం ఇంతమందిలో ఎట్లా చెప్తాడు. బజారులో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు.

లియాఖత్ అలీ జనంలోంచి ముందుకొచ్చి పుస్తకం తెరిచాడు. నీళ్లు తీసిన సాయంత్రమే బురదలో తిరిగి ఇంటింటి చారా కొలిచి రాసుకున్నాడు. పేజీ కింద బడి పెద్దసారు సంతకం ఉంది. నీళ్లు ఒక ఇంట్లో ఎత్తూ ఒక ఇంట్లో తగ్గూ ఉండవనీ, అనుమానముంటే అటూ ఇటూ ఇండ్ల చారల మధ్య తాడు కట్టి చూసుకోమనీ అన్నాడు. తాడు కట్టారు. అది పుస్తకంలో రాసినచోటే భిక్షం గోడకు తగిలింది.

"అయితే గుర్తు చెరిపిందెందుకు?" అన్నాడు సర్వేయరు.

"నేనే చెప్పిన సార్. బురద వాసనకు రోగాలొస్తయని, సున్నం కొట్టుమన్న."

సర్వేయరు ఆయన్ని నలుగురిలో తిట్టాడు. ఇన్ని కొలతలు రాసుకున్నవాడివి, గుర్తు చెరపకూడదన్న చిన్న సంగతి తెలియదా అన్నాడు. వరద విషయంలో పదేళ్లుగా ఎవరి మాటా పడని లియాఖత్ అలీ, తలొంచుకుని తప్పయింది సార్ అన్నాడు. సర్వేయరు పుస్తకంలోని కొలతే తన కాగితం మీద రాసుకుని పక్క ఇంటికి పోయాడు.

జనం వెళ్లాక భిక్షం అరుగు మీద కూలబడ్డాడు.

"సున్నం ఎందుకు కొట్టిన్నో నీకు తెల్వదా భాయ్?"

"తెలుసు."

"మరి అబద్ధమెందుకు ఆడినవ్?"

లియాఖత్ అలీ పక్కనే కూర్చున్నాడు. "నేను మూడేండ్లు నీ పానం తినకపోతే నువ్వు సున్నం కొట్టేటోనివి కాదు. తప్పుల సగం నాది. సగం అబద్ధమే ఆడిన."

భిక్షానికి ముందు కళ్లు చెమర్చాయి, వెంటనే నవ్వొచ్చింది. ఆ నవ్వు టైలర్‌కూ అంటుకుంది. లోపల బురద ఎత్తిపోస్తున్న సత్తమ్మ, ఇల్లు కూలినోనికి గంత నవ్వేందని చీపురు పట్టుకుని బయటికి వచ్చింది. అరుగు మీది ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, మళ్లీ నవ్వారు.