ఎద్దు మేత ముట్టింది

మెంఫిస్ ఊరి కోవెల్లో ఆపిస్ అనే ఎద్దుకి మేత వేసేవాడు హర్ఖేబి. మెతక మనిషి. పన్నెండేళ్లుగా ఆ నల్లెద్దుని కన్నబిడ్డలా సాకాడు. ఊరికది దేవుడు. ఏ పని తలపెట్టినా ముందు దానికి చేత్తో మేత పెట్టి అడగాలి. తిన్నదా, శుభం. మూతి తిప్పుకుందా, ఇక ఆ పని మానుకోవాల్సిందే. రాజైనా అంతే, కూలివాడైనా అంతే.

దెమార్కోస్ అనే యవనుడు ఓడల నిండా కిరాయి సైనికుల్ని వేసుకొచ్చి "ఈ సింహాసనం నాది" అన్న ఏడు, ఊరంతా ఈ ఎద్దు వంకే చూసింది. ఈ నేలతో వాడికేం చుట్టరికమో ఆ ఎద్దుకే తెలియాలి! ఎద్దు తన చేతిమేత తింటే ఊరి తలుపులు తీయాలన్నాడు, తినకపోతే గోడ పగలగొట్టుకుని వస్తానన్నాడు. ఆ గోడ మీద విల్లు పట్టుకుని నిలబడ్డవాళ్లలో హర్ఖేబి ఒక్కగానొక్క కొడుకు ఇనారోస్ ఉన్నాడు. తండ్రి ప్రాణం ఊరుకుంటుందా? రెండు రోజులు ఎద్దు కడుపు మాడ్చాడు. అది తన చెయ్యి నాకుతూ అరుస్తుంటే చెవులు మూసుకున్నాడు, పాపిష్టివాడు.

మూడోరోజు యవనుడు పిడికెడు గడ్డి చాపాడో లేదో, వేళ్లతో సహా మింగేసేలా తిన్నది. తలుపులు తెరుచుకున్నాయి. ఒక్క బాణం పడలేదు. ఆ పూట హర్ఖేబి అంత సంతోషపడ్డవాడు ఊళ్లో లేడు.

నెల తిరక్కుండానే కొత్తరాజు గోడమీది కుర్రాళ్లందర్నీ సిరియా మీదికి తోలుకుపోయాడు. ఇనారోసూ, పక్కింటావిడ తాబేస్ పెద్దకొడుకూ, ఇద్దరూ అక్కడే మట్టిలో కలిసిపోయారు.

ఏడాదికి మళ్లీ మనుషులు కావాలన్నారు. ఇష్టమున్నవాళ్లు రండి, పొలం ఇస్తామన్నారు. తాబేస్ రెండోవాడు పెళ్లీడుకొచ్చినవాడు, వెళ్తానని పట్టుబట్టాడు. ఆవిడ కోవెలకొచ్చింది.

"అన్నా, పెద్దాడప్పుడు ఆ రాజుకి దేవుడు సరేనన్నాడనే గుండె రాయి చేసుకున్నా. వీడి సంగతీ ఆయన్నే అడుగుతా. వద్దంటే కాళ్లు విరగ్గొట్టైనా ఇంట్లో కూర్చోబెడతా."

"రేపు తీసుకురా చెల్లీ," అన్నాడు హర్ఖేబి.

మర్నాడు గంపలకి గంపలు మేత వేశాడు. పైన బార్లీ పిండి, ఖర్జూరాలు. "తినరా నాయనా, పొట్ట పగిలేలా తిను. ఈ ఒక్కసారికి మూతి తిప్పు, నీ కాళ్లు పట్టుకుంటా." ఎద్దు తేన్చి పడుకుంది. ఇక ముట్టదులెమ్మని హర్ఖేబి ఊపిరి పీల్చుకున్నాడు.

కుర్రాడు గడ్డి చాపాడు. ఎద్దు లేచింది. తినేసింది. ఆ రెండు రోజుల ఆకలి దానికింకా గుర్తుంది మరి! అప్పట్నుంచీ అది ఏ చేతినీ వదలడం లేదని, రోజూ మేపే మనిషికి తట్టొద్దూ?

"చూశావా అన్నా, ఒప్పుకున్నాడు!" తాబేస్ కళ్లొత్తుకుంటూ కొడుకు తల నిమిరింది. "వెళ్లిరా నాన్నా."

హర్ఖేబి కుర్రాడి భుజం పట్టుకున్నాడు. దేవుడి కడుపు మాడ్చానంటే ఊరు తనని బతకనిస్తుందా?

"వెళ్లకురా!" అని అరిచాడు. "తిన్నది దేవుడు కాదు చెల్లీ, ఆకలి. ఆ రోజూ అంతే. నేనే రెండు రోజులు మేత పెట్టలేదు. నా కొడుకు గోడ మీదున్నాడని..."

తాబేస్ చెయ్యి కొడుకు తలమీదే ఆగిపోయింది.

"మరి నా పెద్దాడు?" అంది.

ఎద్దు కుర్రాడి ఖాళీ చేతిని నాకుతూనే ఉంది.