ఇట్టా తిరిగి

మస్తానయ్య అయ్యవారికి కాలు ఒకచోట నిలవదు. ఇందుకూరుపేట బడిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే పాఠం చెబుతాడు. చెవులు వినపడని షాజాదీ మూడో తరగతిలో చేరాక కూడా ఆ నడక ఆగలేదు గాని, ముఖం మాత్రం పిల్లలవైపే ఉంటుంది. ఆయన పెదవుల కదలికే ఆమెకు పాఠం. అందుకని వెనక్కి నడుస్తూ కుర్చీకి తగులుకుంటాడు. నల్లబల్ల మీద చూడకుండా రాస్తాడు, అక్షరాలు వంకరపోతాయి.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు, "ఏందయ్యా ఈ వంకర రాత? వినపడని పిల్లకు ఈ బడిలో ఏం పని?" అంటూ సుద్దముక్క లాక్కున్నాడు. నల్లబల్ల వైపు తిరిగి లెక్క చెప్పసాగాడు. షాజాదీ మెడ నిక్కించి అటూ ఇటూ ఒరిగింది. అయ్యవారు గోళ్లు కొరుక్కుంటూ గుమ్మం దాకా వెళ్లి వచ్చాడు. అంతలో తరగతంతా ఒక్కసారిగా అరిచింది: "ఇట్టా తిరిగి చెప్పండయ్యా, షాజాదీకి మీ నోరు కనపడలా!"