మనవరాలి జుట్టుకు పక్కింటాయన మందు

తెలంగాణ రాష్ట్రం రావడానికి ఏడాది ముందు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలికి టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలడం మొదలైంది. బడిలో రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు తప్పనిసరి. ఎలుకతోకల్లాంటి జడలతో బడికి పోనని పిల్ల మొండికేసింది.

మా గోదావరిఖనిలో కష్టం చెప్పుకుంటే ఓదార్పు కన్నా ముందు గోలీలొస్తాయి. బొగ్గుబాయి కంపెనీ దవాఖానలో కార్మికుల కుటుంబాలకు మందులు ఉచితం. కార్మికుల ఇళ్లలో బియ్యం నిండుకున్నా గోలీల డబ్బా నిండుకోదు. ఒకరు జింకు ఇచ్చారు, ఇంకొకరు ఐరన్ ఇచ్చారు. మా అబ్బాయిది కంపెనీ ఉద్యోగం కాదు గనుక మనవరాలికి అక్కడ మందులు రాయరు.

"ఫికర్ చెయ్యకు కాకా, నా పేరు మీద తెస్త" అన్నాడు పక్కింటి బొగ్గుబాయి కార్మికుడు. ఆయనది నున్నటి బట్టతల. మొదటి షిఫ్టు దిగి నేరుగా దవాఖానకు పోయి, వెంట్రుకలు ఊడుతున్నాయని డాక్టరుకు చెప్పాడట.

"డాక్టరేమన్నడు?" అని అడిగాను.

"తలకు కట్టిన రుమాలు తియ్యమన్నడు. తీసిన. 'ఇంక ఊడేటియి ఏడున్నయే?' అన్నడు. లైన్ల ఉన్నోళ్లంత ఒక్కటే నవ్వుడు కాకా! నేనూకుంటనా? నీరసమని చెప్పి బలం గోలీలు పట్టుకచ్చిన."

బొగ్గు తవ్వే మనిషికి రాసిన బలం మా బక్కపిల్ల కడుపులోకి పోయింది. కోడలు అన్నీ కలిపి పొద్దున్నే పిడికెడు మింగించేది. వారం తిరిగేసరికి పిల్లకు వికారం, మలబద్ధకం. అన్నం చూస్తే మొహం తిప్పుకునేది.

"వేడి చేసిందంటే మందు పని చేస్తున్నట్టే మామా" అంది కోడలు. ఆమె వేరే బడిలో సైన్సు చెబుతుంది.

ఇక లాభం లేదని పిల్లను మంచిర్యాలలో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె తల చూసి, రక్తపరీక్ష చేయించి, గోలీలన్నీ ఆపమంది. పెద్ద జ్వరం తర్వాత జుట్టు ఇలా రాలడం మామూలేనని, కొన్ని నెలల్లో దానంతట అదే వస్తుందని చెప్పింది. రక్తంలో లోపమేమీ కనబడలేదు, కడుపునిండా తిండి పెట్టమంది.

తిరుగు బస్సులో కోడలు మొహం మాడ్చుకుంది. "ఒక్క గోలి రాయలె. గామె ఏం డాక్టరు?"

"తాతా, జుట్టు వచ్చేదాక నేనేం చెయ్యాలె?" అంది మనవరాలు.

"బడికి పోవాలె."

"గీ తోకలేసుకునా? నాకు కటింగ్ చేయించు."

కోడలు లబలబలాడుతుండగానే పిల్ల బస్సు దిగి మెడ దాకా జుట్టు కత్తిరించుకుంది. సోమవారం బడికి పోయింది. సాయంత్రం వచ్చీరాగానే సంచి విసిరేసింది.

"పెద్ద టీచరమ్మ తిట్టిందా?" అన్నాను.

"మస్తు తిట్టింది. అమ్మా, ఆకలైతంది, అన్నం పెట్టు."